చెదిరిన బొమ్మ

స్కానింగు యంత్రంలో తీసిన పోలమ్మ మెదడు బొమ్మ రెండోసారీ చెదిరిపోయింది. ఇమ్మానుయేలు కోపమంతా ఆ ముసలమ్మ మీదే.

విశాఖలో చేపలమ్మి బతికిన మనిషి. డెబ్బై రెండో ఏట వయోజన బడిలో చేరి అక్షరాలు దిద్దింది. అంత వయసులో చదువొస్తే మెదడు మారుతుందా అన్నదే ఇమ్మానుయేలు పరిశోధన. అక్షరాలు రాకముందు తీసిన బొమ్మ చక్కగా ఉంది. వచ్చాక తీసిందే కుదరడం లేదు. ఆవిడ తప్ప అంత పెద్ద వయసువాళ్లు అతని లెక్కలో ఇంకెవరూ లేరు.

"ఆవిడ పేరు కొట్టేద్దాం మేడం. ఏడాది కిందట మీరు తీసినప్పుడు కుదురుగా ఉంది. ఇప్పుడు వణుకొచ్చేసింది."

సోమిదేవమ్మ గారు ముప్పై ఏళ్లుగా మెదడు బొమ్మలు తీసే పనిలోనే తల నెరిసిన ఆచార్యురాలు.

"మధ్యలో పలకరించావా?"

"మాట వింటే మెదడు అటు పోతుంది కదా మేడం. కొలత పాడవుతుందని మైకు ముట్టుకోలేదు."

"ఊఁ. గడియారం, బెల్టు తీసి నువ్వు పడుకో."

ఇమ్మానుయేలు యంత్రంలోకి వెళ్లాడు. మోత మొదలైంది. కాసేపటికి ఆగిపోయింది.

పాతకాలపు ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి కూడా "అయిపోవచ్చింది, కదలకండి" అంటూనే ఉండేవాడు. ఈ యంత్రానికి ఆ మర్యాద లేదు. ముఖం మీది చిన్న అద్దంలో అతనికి తన కళ్లే కనిపిస్తున్నాయి.

"మేడం?"

మరోసారి, కాస్త గట్టిగా పిలిచాడు.

చేతిలో రబ్బరు బంతి ఉంది. నొక్కితే బయట గంట మోగుతుంది. నొక్కడానికి అభిమానం అడ్డొచ్చింది. ఎవరైనా ఉన్నారేమోనని తల తిప్పబోయాడు. అంతలోనే మోత మళ్లీ మొదలైంది.

బయటికొచ్చి, "గంటసేపు వదిలేశారా మేడం?" అన్నాడు.

"మూడు నిమిషాలు."

ఆమె అతని బొమ్మను పోలమ్మ బొమ్మ పక్కన పెట్టింది. రెండూ ఒకేలా చెదిరాయి. ఆమె మైకు ముందున్న కుర్చీ ఖాళీ చేసింది.

వరండాలో కూర్చున్న పోలమ్మను అతనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మొదటి మోత ఆగగానే మైకు నొక్కాడు.

"పోలమ్మ గారూ, నేనిక్కడే ఉన్నానండీ."

లోపలి నుంచి పోలమ్మ గొంతు వినిపించింది.

"ఉన్నావా బాబూ! ఇంటికాడా ఇలాగే ఉంటాది. పిలిస్తే పలికేవోళ్లుండరు. సర్లే, ఇంక కదల్ను."

ఆ రోజు బొమ్మ తేటగా వచ్చింది. దాన్ని చూడడానికి అతను వెంటనే లేవలేదు. మైకు మీది వేలు అలాగే ఉంది.