ఆ తొమ్మిది మంది

ఏటికి ఈవల ఒక ఊరు, ఆవల ఒక ఊరు. రెంటికీ మధ్య ఒకటే పడవ తిరిగేది. అందులో ఇరవై మంది పట్టేవారు. పడవ మధ్యలో అడ్డంగా ఒక బల్ల ఉండేది, నలుగురు హాయిగా కూర్చునేంత బల్ల. దాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు.

ఏరు దాటడానికి ఎండాకాలం అరగంట, వానాకాలం ముప్పావుగంట పట్టేది. అంతసేపూ అందరూ నిలబడే వెళ్ళేవారు. పడవ అడుగున ఎప్పుడూ చీలమండల దాకా నీళ్ళు. అంచు మీద కూర్చుంటే పడవ ఒరిగిపోతుంది. ఇక కూర్చోవడానికి ఉన్నది ఆ బల్ల ఒక్కటే. అది రోజుకి ఎనిమిది సార్లు ఖాళీగా వెళ్ళి, ఎనిమిది సార్లు ఖాళీగా వచ్చేది.

ఎందుకని అడిగితే ఒకరు అది దేవత కూర్చునే చోటన్నారు. ఒకరు పూర్వం ఎవరో పెద్దాయన కూర్చునేవాడన్నారు. మూడో మనిషి, "కూర్చోరు, అంతే," అని ఏటి వైపు చూశాడు.

రోజూ ఆ పడవ ఎక్కేవాళ్ళలో ఒక అద్దకం పిల్ల ఉంది. ఆవలి ఊళ్ళో బట్టల మీద అచ్చులు వేసే పాకలో ఆమెకి పని. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. కాళ్ళు వాచి కడియాలు బిగిసిపోయాయి. మంత్రసాని కాళ్ళు నొక్కి చూసి, "నిలబడి ఏరు దాటడం ఇక నీ వల్ల కాదు. ఇంకొక్కసారి పడ్డావంటే పని మానేయాల్సిందే," అంది. పని మానేస్తే పాకలో ఆమె చోటు మర్నాడే ఇంకొకరికి పోతుంది. ఆ చోటు కోసం ఆమె మూడేళ్ళు ఎదురుచూసింది.

సరిగ్గా అప్పుడే లెక్కలమ్మాయి ఆ ఊరు వచ్చింది. మనుషుల అలవాట్లు ఎలా నిలబడతాయో తెలుసుకోవాలని ఊరూరా తిరిగే పడుచు ఆమె. ఆమెను ఎవరూ పంపలేదు, తనంతట తనే బయల్దేరింది. పడవ ఎక్కిన మొదటిరోజే అద్దకం పిల్ల కాలు జారి నీళ్ళలో మోకాళ్ళ మీద పడటం చూసింది. ముగ్గురు పరుగున వచ్చి, పువ్వును ఎత్తినట్టు ఎత్తి, ఎంతో జాగ్రత్తగా ఖాళీ బల్ల పక్కన మళ్ళీ నిలబెట్టారు.

లెక్కలమ్మాయి పడవ దిగగానే పని మొదలుపెట్టింది. చింతగింజలు ఏరుకుంది. రెండు సంచులు కుట్టుకుంది, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. పదకొండు రోజులు రెండు ఊళ్ళలోనూ ఇల్లిల్లూ తిరిగి, ఏరు దాటే ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు అడిగింది.

"ఎవరైనా ఆ బల్ల మీద కూర్చుంటే మీకు అభ్యంతరమా?"

అభ్యంతరం లేదంటే తెల్ల సంచిలో గింజ, ఉందంటే ఎర్ర సంచిలో గింజ. ఎవరేమన్నారో గుర్తుపెట్టుకోనని, ఎవరికీ చెప్పనని ముందే మాటిచ్చేది.

"మరి తక్కినవాళ్ళకి అభ్యంతరం ఉంటుందా?"

దీనికి గింజలతో పనే పడలేదు. దాదాపు అందరూ ఒకే మాట అన్నారు. "నాకేం లేదమ్మా. ఊరు ఊరుకోదు."

పన్నెండో రోజు పొద్దున ఆమె రేవులో రాయెక్కి నిలబడి చెప్పింది. "నేను అడిగింది రెండు వందల పన్నెండు మందిని. అందులో రెండు వందల ముగ్గురికి అభ్యంతరం లేదు. ఉన్నది తొమ్మిది మందికే."

రేవంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. కొందరు నవ్వుకున్నారు కూడా. అద్దకం పిల్ల బల్ల వైపు చూసింది.

అంతలో వెనకనించి ఎవరో అడిగారు. "ఆ తొమ్మిది మంది ఎవరు?"

"చెప్పనని మాటిచ్చానండీ."

జనం పడవ ఎక్కారు. ఎక్కి, ఎప్పటిలాగే నిలబడ్డారు. కాకపోతే ఇదివరకు ఏటిని చూసేవాళ్ళు, ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఒకాయన దగ్గాడు. వీడే అయ్యుంటాడని ముగ్గురు అనుకున్నారు. ఒకామె కొంగు సవరించుకుంది. ఈవిడే అయ్యుంటుందని అయిదుగురు అనుకున్నారు. ఎక్కువ అనుమానం మాత్రం తమలపాకుల అవ్వ మీదే. నోరు తెరిచిందంటే రేవు దద్దరిల్లే మనిషి. నలభై ఏళ్ళుగా ఆ బల్ల పక్కనే నిలబడుతోంది, తడిసిన ఆకుల బుట్టను కూడా ఏనాడూ దాని మీద దించలేదు.

నిన్నటిదాకా వాళ్ళు ఊరికి భయపడ్డారు. ఊరికి మొహం ఉండదు కాబట్టి ఆ భయం చూపుల దాకా వచ్చేది కాదు. ఇప్పుడు తొమ్మిది మందికి భయపడుతున్నారు. తొమ్మిది మందికి మొహాలు ఉంటాయి.

లెక్కలమ్మాయి అద్దకం పిల్ల చెవిలో అంది. "నువ్వు భయపడకు. రెండు వందల పన్నెండులో తొమ్మిదంటే, ఇరవై మంది ఎక్కే పడవకి ఒక్క మనిషి కన్నా కాస్త తక్కువే పడతాడు."

"ఆ కాస్త తక్కువ మనిషి ఏ మూల నిలబడ్డాడో చెప్పు. అటు వీపు పెట్టి కూర్చుంటాను," అంది అద్దకం పిల్ల.

లెక్కలమ్మాయి తనే వెళ్ళి బల్ల మీద కూర్చుంది. ఆవలి రేవు వచ్చేదాకా ఎవరూ ఏమీ అనలేదు. దిగేటప్పుడు ఒక ముసలాయన దయగా, "పోనీలే, పై ఊరి పిల్ల. మన సంగతులు తనకేం తెలుసు," అన్నాడు.

"చూశావా, ఏమీ కాలేదు," అంది లెక్కలమ్మాయి.

"నీకు కాలేదు. నువ్వు నెల తిరక్కుండా వెళ్ళిపోతావు. నేను బిడ్డను ఈ ఊళ్ళోనే కనాలి, వీళ్ళ మధ్యే పెంచాలి," అంది అద్దకం పిల్ల.

మర్నాడు గాలి మారింది. ఎగువన వానలు పడి ఏరు బురదరంగుకి తిరిగింది. అద్దకం పిల్ల చేతిలో ఒక మూట ఉంది. పాకలో తన అచ్చులు అప్పగించేసి వస్తానని, ఇవాళ్టితో ఆఖరని లెక్కలమ్మాయికి చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.

నడి ఏట్లో పడవ ఊగడం మొదలైంది. అద్దకం పిల్ల ఒక చేత్తో కడుపు పట్టుకుంది, రెండో చేత్తో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె అటూ ఇటూ తూలడం అందరికీ కనిపించింది. పందొమ్మిది మంది ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమే," అంది తమలపాకుల అవ్వ. "ఆ ఊగడమేంటి, కల్లు తాగినట్టు?"

"కాళ్ళు నిలవట్లేదవ్వా."

"నిలవకపోతే కూర్చో."

అద్దకం పిల్ల విననట్టే నిలబడింది. అవ్వ అందరి వైపూ తిరిగింది.

"నన్నలా మిడిగుడ్లేసుకుని చూడక్కర్లేదు. అవును, నేనే. ఆ తొమ్మిది మందిలో నేనున్నాను. అభ్యంతరమనే చెప్పాను. చెప్పక? ఈ లెక్కల పిల్ల వచ్చి అడిగేటప్పటికి నా కోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. పర్వాలేదన్నాననుకో, మరి నలభై ఏళ్ళు ఎందుకు నిలబడ్డావత్తా అనదూ? కాళ్ళు నొప్పులని రోజూ నా చేత నూనె రాయించుకుంటివి కదా అనదూ? నేనేం చెప్పను దానికి?"

అవ్వ తన కొంగుతో బల్ల తుడిచింది.

"కూర్చోవే."

"ఇంకా ఎనిమిది మంది ఉన్నారవ్వా," అంది అద్దకం పిల్ల.

పడవ ముందు వైపు నించి ఒక జాలరి చెయ్యెత్తాడు. "ఏడుగురు. నేనూ ఉన్నాను. మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని నిలబడే దాటింది. ఇంకొకరు కూర్చుంటే ఆమెకి అన్యాయం చేసినట్టనిపించింది."

"ఆరుగురు," అంది ఒక పెరుగమ్ముకునే ఆమె. కారణం చెప్పలేదు.

తర్వాత బడిపంతులు గొంతు సవరించుకున్నాడు. "నేను కూడానమ్మా. పిల్లలకి కూర్చోకూడదని నేర్పింది నేనే కదా. నేర్పిన నోటితోనే కాదనలేకపోయాను."

లెక్కలమ్మాయి తలెత్తి చూసింది. ఎవరి జవాబూ గుర్తుపెట్టుకోనని మాటిచ్చింది, నిలబెట్టుకుంది కూడా. అయితే పంతులు జవాబు మర్చిపోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. ఆయన తన అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఈ ఆచారం ఎంత తెలివితక్కువదో గంటసేపు చెప్పాడు. ఆయన గింజ తెల్ల సంచిలో పడింది. ఆమె నోరు తెరవబోయింది. పంతులు ఆమె కళ్ళలోకి చూడకుండా అద్దకం పిల్ల కాళ్ళ వైపే చూస్తున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

"నాలుగు," అన్నారెవరో. "నేనూ," అన్నారింకెవరో. దగ్గినాయన చెయ్యెత్తాడు. కొంగు సవరించుకున్నామె చెయ్యెత్తింది. అద్దకం పిల్ల పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది. ఒకటి మిగిలింది. పడవంతా చూస్తుండగా, నిన్న దయగా మాట్లాడిన ముసలాయన, "ఆ ఒక్కణ్ణీ నేనే. ఇక ఎవరూ లేరు. కూర్చో తల్లీ," అన్నాడు.

అద్దకం పిల్ల కూర్చుంది. ముందు బల్ల అంచున, ఎప్పుడైనా లేచేందుకు వీలుగా. తర్వాత కొంచెం వెనక్కి జరిగి. తర్వాత కాళ్ళు చాపి. ఆమె కళ్ళు మూసుకుంటే అవ్వ పక్కనే కూలబడి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, "అబ్బ," అంది, నలభై ఏళ్ళకీ కలిపి ఒకేసారి.

లెక్కలమ్మాయి అలవాటు కొద్దీ మనసులో కూడింది. రెండు ఊళ్ళకీ కలిపి తొమ్మిది మంది. ఒక్క పడవలోనే తొమ్మిది మంది. అలా జరగడానికి వీలే లేదు. ఆమె ఇంకా కూడుతూండగానే, మాట్లాడని వాళ్ళలోంచి పొగాకు రైతు ఒకడు సిగ్గుపడుతూ, "నేను కూడా ఆ తొమ్మిది మందిలోనే అమ్మా," అన్నాడు. అతని వెనక ఇంకొకామె, "నేను కూడా," అంది.

"పదకొండు అయ్యారు," అంది లెక్కలమ్మాయి పైకే.

ఆవలి రేవు దగ్గరపడింది. పడవవాడు తెడ్డు ఆపాడు. ఇన్ని రోజులూ తెడ్డు వేస్తూనే ఉన్నాడు కాబట్టి అతన్ని ఆమె ఏ ప్రశ్నా అడగలేదు. అతను వెనక్కి తిరిగి బల్ల మీది ఇద్దరినీ చాలాసేపు చూశాడు.

"పన్నెండు," అన్నాడు.