మ్యాపు చూసుకుంటూ పెళ్ళికెళ్ళిన అన్నదమ్ములు

మా పెసరపాడులో బుర్ర ఉన్నది ఎవరికయ్యా అంటే, ముగ్గురికే ఉందని ఆ ముగ్గురూ చెబుతారు. పెద్దోడు గవరయ్య, నడిపోడు సింహాచలం, చిన్నోడు ముత్యాలు. "ఊరంతా నేలమీద తిరుగుతోంది, మేం గాల్లో తిరుగుతున్నాం. ఇంతకంటే తెలివంటే ఏంటో చెప్పండి" అని కాలరెగరేసేవాళ్ళు. పొలాలకి మందు కొట్టే కంపెనీ మూసేస్తూ వాళ్ళ మేనమామ ఓ నాలుగు సీట్ల బుల్లి విమానం వీళ్ళకి అంటగట్టాడు లెండి. లైసెన్సు ఎవరిచ్చారో నన్నడక్కండి, నాకూ ఆశ్చర్యమే.

ఆ రోజు ముత్యాలు పెళ్ళి. తాటిగుమ్మిలో పదకొండూ ఇరవైకి ముహూర్తం. ఇదివరకే రెండు ముహూర్తాలు వీళ్ళు దారి తప్పి తగలేశారు. ఈసారి పిల్ల తండ్రి దాలినాయుడు తెగేసి చెప్పాడు. "నిమిషం దాటిందా, మా తవిటయ్య చేత తాళి కట్టించేస్తా." తవిటయ్య పెళ్ళికూతురికి మేనబావ. ఎందుకైనా మంచిదని పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ముత్యాలుకి పెళ్ళికూతురు నూకరత్నం అంటే ప్రాణం.

విమానం నేర్పిన బెహరా మాస్టారు మ్యాపు చేతిలో పెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పారు. "మీది కంటిచూపుతో నడిపే బండిరా. కంటికి కనపడిందే నమ్మండి. కుడివైపునుంచి వచ్చేవాళ్ళకి దారివ్వండి. మ్యాపులో ఎర్రగా ఉన్నచోట అడుగుపెట్టకండి. రేడియోలో ఎలా చెబితే అలా చెయ్యండి."

"అన్నీ మాకు తెలుసు మాస్టారూ" అన్నాడు గవరయ్య.

సింహాచలం మ్యాపు మీద చెయ్యి చాపి కొలిచాడు. "పెసరపాడు నుంచి తాటిగుమ్మికి జానెడే! ఇడ్లీలు తినే వెళ్దాం."

"నా జానతో అయితే ఇంకా తక్కువరా" అన్నాడు గవరయ్య.

"అయితే నువ్వే నడుపు. తొందరగా వెళ్ళిపోతాం."

అంతే. నిదానంగా తలా ఎనిమిది ఇడ్లీలు లాగించి, తొమ్మిదింపావుకి ఎగిరారు. పక్కన కూర్చున్న సింహాచలం ఒళ్ళో మ్యాపు, మ్యాపు మీద కాస్త ఎర్రకారం.

ఊరు దాటారో లేదో కుడివైపునుంచి కొంగల బారొకటి వచ్చింది. "దారివ్వాలి!" అన్నాడు సింహాచలం. విమానం గాల్లో ఆగదు కదా, గవరయ్య అక్కడక్కడే గిరగిరా తిప్పుతూ ఒక్కో కొంగకీ "మీరు పదండి, మీరు పదండి" అని చెయ్యి ఊపాడు. వెనకబడ్డ ముసలికొంగ కోసం మరో పావుగంట తిరిగారు.

తర్వాత సింహాచలం కెవ్వుమన్నాడు. "అన్నయ్యా, ముందు పెద్ద కాలవ! మ్యాపు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉంది!"

అది మ్యాపు మడత. ఎవరు చెబుతారు?

"దూకించేస్తా, పట్టుకోండి!" అని గవరయ్య విమానాన్ని అమాంతం పైకి లేపి, అమాంతం కిందికి దించాడు. వెనక సీట్లో ముత్యాలు బాసికం చెవి మీదికి జారింది.

"దాటేశాం!" అన్నాడు సింహాచలం. అని మళ్ళీ మ్యాపు చూసి గుండె బాదుకున్నాడు. "ఎరుపు! గుండ్రంగా, తడితడిగా!"

ఇడ్లీ కారం మరక చుట్టూ వెళ్ళాలి కదా. వెళ్ళారు. శుభకార్యానికి పోతున్నాం కదా అని మూడు ప్రదక్షిణలు కూడా చేశారు. ఆ ప్రదక్షిణల్లో మ్యాపులో అచ్చుగుద్దిన అసలు ఎర్రగీత మీదినుంచే వెళ్ళిపోయారు. ఇంకేముంది, రేడియో భగ్గుమంది.

"ఎవరండీ అది? అది నిషేధ ప్రాంతం! మీకు కళ్ళు లేవా?"

"ఉన్నాయండి. వాటితోనే వెతికాం" అన్నాడు సింహాచలం మర్యాదగా. "కింద ఎర్రగీత ఎక్కడా లేదండి. వానకి చెరిగిపోయినట్టుంది, మళ్ళీ వేయించుకోండి."

అవతలాయన గొంతు చించుకున్నాడు. "వచ్చిన దారినే వెనక్కి పొండి ముందు!"

రేడియోలో ఎలా చెబితే అలా చెయ్యాలి. మరక చుట్టూ మూడు ప్రదక్షిణలు కుడిఎడమలు తిరగేసి చేశారు. కాలవ మళ్ళీ దూకించారు. కొంగల దగ్గర మాత్రం చిక్కొచ్చింది, కొంగలు లేవు. ఉన్నాయనుకుని చెయ్యి ఊపేసి, పదీ నలభైకి పెసరపాడులో దిగారు.

షెడ్డు దగ్గర టీ తాగుతున్న మాస్టారు గ్లాసు వదిలేశారు. "పెళ్ళయిపోయిందేంట్రా?"

"లేదండి, వాళ్ళు ఇటే పొమ్మన్నారండి."

ముత్యాలు బావురుమన్నాడు. "మాస్టారూ, నూకరత్నాన్ని తవిటయ్యకి కట్టబెట్టేస్తారండీ!"

మాస్టారికి జాలేసింది. "జరగండ్రా వెధవల్లారా!" అని తనే ఎక్కి నడిపారు. రైలు పట్టాలు చూసుకుంటూ, రేడియోలో అడుగుతూ, ఆ ప్రాంతం పక్కనుంచి పోనిచ్చి, పదకొండూ పదిహేనుకి పందిరి పక్క కోసిన చేలో దించారు.

అప్పటికే దాలినాయుడు దండ పట్టుకుని తవిటయ్య ముందు నిలబడ్డాడు. ముత్యాలు పరిగెత్తుకొచ్చి ఆ దండలో తల దూర్చేశాడు. సరిగ్గా వేళకి జీలకర్రా బెల్లం, ఆపైన తాళి! తవిటయ్య విసవిసా వెళ్ళి భోజనాల పంక్తిలో కూర్చున్నాడు, మాస్టారు అతని పక్కన.

పంతులుగారు వధూవరుల్ని బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపించారు. "అదిగో అరుంధతీ నక్షత్రం. కనపడిందా నాయనా?"

"లేదండి" అన్నాడు ముత్యాలు.

"కనపడిందనవయ్యా" అని గొణిగారు పంతులుగారు.

"కంటికి కనపడందే ఎలా అంటానండీ?"

"నక్షత్రం చూడందే తంతు పూర్తి కాదయ్యా!" అని విసుక్కున్నారాయన.

ముత్యాలు మొహం పాలిపోయింది. పెళ్ళి పూర్తి కాలేదు, తవిటయ్య ఇంకా గారెలు తింటూ ఇక్కడే ఉన్నాడు! గవరయ్య తమ్ముడి భుజం తట్టాడు. "ఏడవకురా. కిందనుంచి కనపడకపోతే పైకెళ్ళి చూద్దాం."

అంతే. కొంగుముడి విప్పకుండానే పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టి, అన్నలిద్దరూ ముందెక్కి, రయ్యిమని లేపేశారు.

దాలినాయుడు పరిగెత్తుకొచ్చాడు. విమానం పందిరి చుట్టూ కిందగా తిరుగుతోంది. "ఒరే అల్లుడూ! పగటిపూట చుక్క కనపడదురా! దిగండ్రా!"

కిటికీలోంచి నూకరత్నం తల బయటపెట్టి అరిచింది. "అలాగా నాన్నా! అయితే చీకటి పడ్డాకే దిగుతాం! ఆకలేస్తోంది, మా లడ్డూలు పైకి విసిరెయ్!"

దాలినాయుడు ఆకాశం వైపు చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, "ఆ గంప ఇలా తెండర్రా! విసిరే చెయ్యి బలంగా ఉన్నవాళ్ళంతా రండి!" అన్నాడు.