ఉలిగమ్మ రెండో తెడ్డు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఊరు, అవతల సంత. ఊరివాళ్లకు సంతలో కొనవలసింది పెద్దగా ఏమీ లేదు. అయినా వారం వారం వెళ్లేవారు. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పని చెప్తారని.

వాళ్లను ఏరు దాటించేది ఉలిగమ్మ. మొగుడు చలిజ్వరంతో పోతూ ఆమెకు ఒక పుట్టినీ ఒక తెడ్డునూ వదిలి వెళ్లాడు. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు పట్టిన మనిషికి నేర్పు లేకపోతే బొంగరంలా ఉన్నచోటే తిరుగుతుంది. ఉలిగమ్మ ఎండలో తెడ్డు వేసింది. వానలో తెడ్డు వేసింది. ఏరు ఎర్రబడి పొంగినప్పుడూ తెడ్డు వేసింది. బాగా వేస్తున్నావని ఒక్కరూ అనలేదు. బాగా జరిగే పని ఆ ఊళ్లో ఎవరి కంటా పడదు.

ఒకనాడు ఆమె ఇసుకలో పుట్టిని బోర్లించి తోలుకు ఆముదం రుద్దుతోంది. రుద్దడం వరకే ఆమెకు గుర్తు. తర్వాత కళ్లు తెరిస్తే పైన ఆకాశం, చుట్టూ కాళ్లు, నోట్లో నెత్తురు రుచి. ఒళ్లంతా రోకళ్లతో దంచినట్టుంది. అరచేయి భగ్గున మండుతోంది. చూస్తే అందులో కొడవలి ఉంది.

జరిగింది మూర్ఛ. అంతకుముందు ఆమెకు ఎన్నడూ రాలేదు, ఇంటా వంటా లేదు. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని ఆ ఊరి నమ్మకం. వేరే ఊళ్లలో తాళాల గుత్తి పెడతారు. ఈ ఊళ్లో తాళాలు లేవు, దాచుకునేంత సొమ్ము లేదు గనుక. అందుకని తోడికోడలు ఈరమ్మ చేతికందిన కొడవలి తెచ్చి, కొట్టుకుంటున్న ఆ చేతిలో పెట్టి, గుప్పిట బిగించింది. మూర్ఛ చేసిన గాయం నాలుక మీద. చుట్టాలు చేసిన గాయం అరచేతిలో.

"ఇనుము పెడితే గదా నిలిచింది!" అంది ఈరమ్మ.

"దానంతటదే నిలిచిందేమో అక్కా."

"నీకేం తెలుసు? నువ్వు ల్యావు గదా ఆడ!"

ఉలిగమ్మ అరచేతికి గుడ్డ చుట్టుకుంది. నిజమే. తనకు ఏం జరిగిందో ఊరందరికీ తెలుసు, తనకు తప్ప.

ఇక మూర్ఛ ఎందుకొచ్చిందో చెప్పడానికి ఒక్కొక్కరే బయలుదేరారు.

మొదట గంగమ్మ పూజారి తిమ్మప్ప వచ్చాడు. "అమ్మ నిన్ను పూనింది. పొట్టేలు అడుగుతోంది" అన్నాడు. పొట్టేలు తెగింది. గంగమ్మ ఏమాత్రం తిన్నదో తెలియదు గానీ తిమ్మప్ప రెండు పూటలా తిన్నాడు. ఉలిగమ్మకు అలుపు తీరలేదు.

తర్వాత ఈరమ్మ దిష్టి అంది. నిప్పుల మీద గుప్పెడు ఎండుమిరపకాయలు వేసింది. ఉలిగమ్మ దగ్గింది, ఈరమ్మ దగ్గింది, పక్కింటి దూడ దగ్గింది. "ఎంత దిష్టో చూడు!" అంది ఈరమ్మ కళ్లు తుడుచుకుంటూ. ఉలిగమ్మకు అలుపు తీరలేదు.

చివరికి ఇద్దరూ గుట్ట అవతల ఉన్న వైద్యుడు హంపయ్య దగ్గరికి నడిచారు. ఆయన నాడి చూశాడు, నాలుక చూశాడు, కళ్లు చూశాడు. జ్వరం తగిలిందా, తలకు దెబ్బ తగిలిందా, నిద్ర చెడిందా అని అడిగాడు. ఏదీ లేదంది.

"ఎందుకొచ్చిందో నాకు తెలీలేదమ్మా" అన్నాడు హంపయ్య.

"మళ్లా వస్తాదా?"

"అదీ తెలీదు. రావచ్చు. ఈ జన్మకు రాకపోనూవచ్చు. వస్తే గనక చేతిలో ఏమీ పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పండబెట్టి, దగ్గర కూచోండి."

ఈరమ్మకు ఒళ్లు మండింది. "తెలీదని చెప్పించుకోడానికా ఇంతదూరం నడిచొచ్చింది? తెలీదని మాకు ఇంటికాడే తెలుసు!"

ఉలిగమ్మ మాత్రం ఆ రాత్రి మూర్ఛ వచ్చాక మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. తెలియనిదాన్ని తెలుసని అనని మనిషి ఒక్కడు దొరికాడు.

పొద్దున రేవుకు వెళ్తే పుట్టి ఎక్కడానికి ఎవరూ రాలేదు.

"ఒడ్డున పడితే సరే. నడి ఏట్లో పడితే మా గతేంది?" అన్నారు.

ఆమె కోప్పడలేకపోయింది. అదే మాట తనూ గుట్ట దిగుతూ అనుకుంది. తెడ్డు లేకపోతే కూడు లేదు. తెడ్డు పడితే ఏ గడియలో చేయి జారుతుందో తెలియదు. గట్టున కూర్చుని రెండూ చూసింది. రెండూ ఏరంత లోతుగానే ఉన్నాయి.

ఆ వారం ఈరమ్మ మొగుడు నెట్టికంటయ్య తెడ్డు పట్టాడు. పుట్టి తిరిగింది, తిరిగింది, తిరిగింది. జనం కళ్లు మూసుకున్నారు, కొందరు కక్కుకున్నారు. చాలాసేపటికి ఒడ్డు తగిలింది.

"సంత వచ్చిందా నాయనా?" అంది ఒక అవ్వ.

"లేదవ్వా, మన రేవే" అన్నాడు నెట్టికంటయ్య.

మర్నాడు ఊరు ఉలిగమ్మ గుమ్మంలో నిలబడింది. తప్పు ఒప్పుకోవడానికి కాదు, ఆ అలవాటు వాళ్లకు లేదు. సంతకు పోవాలని.

"తోలతా" అంది ఉలిగమ్మ. "ఒక్కదాన్నే తోలను. రెండో తెడ్డు చెక్కండి. ఎక్కేవాళ్లంతా తెడ్డేయడం నేర్చుకోండి. ఎవరో ఒకరు నా ఎదురుగా కూచుని, 'ఉండావా?' అని అడగతా ఉండాల. 'ఉండా' అంటా. అనలేదంటే నన్ను అంచు కాడ నుంచి లోపలికి లాగి పక్కకు తిప్పి పండబెట్టండి. తెడ్డు మీరు అందుకోండి. కొడవళ్లు మూట గట్టండి."

చివరి మాట ఈరమ్మ వైపు చూసి అంది.

నేర్చుకోవడానికి వానాకాలం, చలికాలం, ఎండాకాలం పట్టింది. తిమ్మప్పకైతే ఇంకొంచెం ఎక్కువే, పొట్ట అడ్డమొచ్చి. ఏటి మీద రోజూ ఒకటే మాట. ఉండావా? ఉండా. ఉండావా? ఉండా. కొన్నాళ్లు ఆమె 'ఉండా' అనడం 'ఇంక చాలు' అన్నట్టు వినబడేది. అయినా అనేది.

ఏళ్లు గడిచాయి. మూర్ఛ మళ్లీ రాలేదు. ఇక రాదనుకున్న నాడు, నడి ఏట్లో, ఈరమ్మ ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఉండావా?"

జవాబు లేదు.

ఈరమ్మ అరవలేదు. అరవకపోవడం ఆమె బతుకులో అదే మొదటిసారి. లోపలికి లాగింది, పక్కకు తిప్పింది, తల కింద తన చేయి పెట్టింది. తిమ్మప్ప ఒక తెడ్డు, నెట్టికంటయ్య ఒక తెడ్డు అందుకున్నారు. పుట్టి ఒక్క చుట్టు తిరిగి, తిన్నగా సాగింది.

ఉలిగమ్మ కళ్లు తెరిచేసరికి అవతలి ఒడ్డు. పైన ఆకాశం. ఈసారి చుట్టూ కాళ్లు లేవు, మొహాలున్నాయి. అందరూ ఇసుకలో కూర్చుని ఉన్నారు. చేయి తడుముకుంది. ఇనుము లేదు, ఈరమ్మ చేయి ఉంది.

"ఉండాంలే" అంది ఈరమ్మ.

"సంతకు పోలేదా?"

"సంత ఎత్తేసినారు."

ఉలిగమ్మ లేవబోయింది. "మళ్లా అవతలికి తోలాల గదా."

"పండుకోమ్మే. మేం తోలతాం."

అలా ఉలిగమ్మ తన పుట్టిలో తాను ఊరికే కూర్చుని ఏరు దాటింది. అన్నేళ్లు ఆ నీళ్ల మీదే బతికి, ఏరు ఎలా ఉంటుందో ఆ రోజు చూసింది.

తర్వాత చాలా కాలం బతికి, ముసలితనంతో, మంచం మీదే పోయింది.

ఇప్పటికీ ఆ రేవులో పుట్టికి రెండు తెడ్లు. ఇప్పటికీ ఆ ఒడ్డున ఎవరు పడినా ఇనుము తేరు; పక్కకు తిప్పి, దగ్గర కూర్చుని, కళ్లు తెరిచాక "ఉండాంలే" అంటారు. ఆ ఊళ్లో పొద్దున్నే గోడ మీదుగా తొంగిచూసి ఎవరూ బాగున్నావా అని అడగరు. బాగున్నామంటే అబద్ధం చెప్పినట్టవుతుందని.

"ఉండావా?" అంటారు.

"ఉండా."

అంతే. ఎవరి పనికి వాళ్లు పోతారు.