ఎండిన ఎర్తు గుంత

సుంకమ్మవ్వను ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తిన వేసుకోవడమే. ఆమె నోటితో జవాబు చెప్పదు, ఏదో ఒక పని పురమాయిస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు ఓబులేసు ఆ పొద్దు ఉండబట్టలేక అడిగేశాడు.

"అవ్వా, ఇన్నేండ్లుగా మీ మాటలు వింటానే ఉండా. ఒక్కటీ నాలో నిలవదు. పెద్ద మంత్రమేదో నాకు చెప్పకుండా దాచిపెట్టినారా?"

అవ్వ నవ్వింది. ఆమె ఊపిరితిత్తులు పాడైనాయి. ఆక్సిజన్ మిషను లేకుంటే ఒక్క పూట గడవదు. అయినా ఊరూరా తిరిగి నాలుగు మంచి మాటలు చెప్పడం మానదు, ఏం మనిషో! అందుకే కరెంటు పనివాడైన ఓబులేసు ఒక పాత వ్యానులో మంచం, ఫ్యాను, మిషను బిగించి, ఆగిన చోటల్లా అక్కడి కరెంటుకు తగిలించుకునేలా అమర్చాడు.

ఆ రోజు ఆగింది బోడికొండపల్లెలో, వన్నూరప్ప తోటలో. అవ్వ మాట వినాలని ఊరు ఊరంతా ఏండ్లుగా కాచుకుని ఉంది. ఓబులేసు కేబులు తీసి మోటారు షెడ్డు బోర్డుకు తగిలించాడు. వ్యాను గుమ్మం పక్కనున్న కాపలా డబ్బా ఎర్రలైటు వెలిగించి, కరెంటును లోపలికి రానిచ్చేది లేదని మొండికేసింది. మిషను బ్యాటరీ మీద నడుస్తోంది. అది అయిపోయేలోగా వెనక్కి తిరిగి టౌను చేరాల్సిందే, అవ్వ ముఖం చూసిన ఊరు ఆమె మాట వినకుండానే మిగిలిపోవాల్సిందే.

ఓబులేసుకు ముచ్చెమటలు పోశాయి. ఫ్యూజు చూశాడు, బాగుంది. కేబులు మార్చాడు. ప్లగ్గు విప్పి బిగించాడు. స్తంభం కాడికి పరుగెత్తాడు. షెడ్డులో బల్బు మాత్రం కండ్లు చెదిరేలా వెలుగుతోంది.

"కరెంటు ఇంత దండిగా వస్తాంటే ఈ పాడు డబ్బాకు ఏం రోగమప్పా!"

"పీకెయ్ దాన్ని! వైరు నేరుగా తగిలిస్తే పోలా? మేమంతా అట్లనే చేస్తాం," అన్నాడు వన్నూరప్ప.

డబ్బా ఉన్నదే వ్యాను రేకుకు కరెంటు పాకి మనుషుల్ని కొట్టకుండా. దాన్ని పెట్టినవాడే ఓబులేసు. అంతా తెలిసీ కటింగ్ ప్లయర్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఒరే ఓబులేసూ," లోపలినుంచి అవ్వ పిలిచింది. "వచ్చే దారంతా వెతికినావు. పొయ్యే దారి చూసినావా?"

ఎర్తు! దారి తప్పిన కరెంటును భూమిలోకి దింపే పచ్చవైరు. అది సరిగా లేకుంటే డబ్బా కరెంటును లోపలికి రానివ్వదు. బోర్డు కాడ అది గట్టిగా ఉందని చూసి సరిపెట్టుకున్నాడే గాని, అవతల ఎక్కడికి పోతోందో చూడలేదు. ఎర్తుదేముంది, పేరుకు ఉంటే చాల్లే అనుకోవడం మనకు మామూలే కదా. వైరు వెంబడే షెడ్డు వెనక్కి పోయి ముళ్లకంప పక్కకు లాగాడు. అదిగో గుంత. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన నాటినుంచి దానికి చుక్క నీళ్లు పోసిన పాపాన ఎవరూ పోలేదు. మట్టి ఎండి నెర్రెలిచ్చింది. తడి లేని మట్టిలోకి కరెంటు ఎట్లా దిగుతుంది?

"బిందెలు తేండప్పా!"

ఆడా మగా ఒకరి వెంట ఒకరు బిందెలు అందించారు. పోసింది పోసినట్టే గుంత తాగేస్తోంది, ఎంతకీ దాహం తీరదే! ఉన్నట్టుండి వ్యాను దగ్గర్నుంచి వన్నూరప్ప గావుకేక పెట్టాడు: "పచ్చలైటు! పచ్చలైటు పడింద్రోయ్!"

ఫ్యాను తిరిగింది. మిషను గుర్రుమంది. ఊరంతా ఒకటే ఈలలు, చప్పట్లు. ఓబులేసు తడిసిన పంచెతోనే ఎగిరి గంతేశాడు. ఆనందంతో ఏడ్చేశాడు కూడా, ఎవరు చూస్తే ఏమని.

పొద్దు వాలేదాకా అవ్వ మాట్లాడింది, ఊరు విన్నది. అందరూ లేచి పోయాక ఓబులేసు మెల్లగా దగ్గరికి చేరాడు.

"అవ్వా, పొద్దున నేనడిగిన మంత్రం..."

"చెప్తాలే," అంది అవ్వ. "ముందు పొయ్యి ఆ గుంతలో ఇంకో బిందె పోసి రా. ఒక్కసారి పోస్తే నిలవదు, మళ్లీ ఎండిపోతాది."