బయ్యన్న పంచిన బెల్లం

అనగనగా ఒక రాజు. ఆయన పేరు చండకేతుడు. ఆయన ఏలుబడిలో, ఏటి ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుకొని బతికే ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. ఒక ఏడు వానలు లేవు. ఏరు ఎండింది, ఖజానా ఎండింది. "బంగారు గని చూపినవాడికి నా కూతురినిస్తాను" అని రాజు చాటింపు వేయించాడు.

పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. కడగొట్టువాడైన బయ్యన్నకు రాకుమారితో పని లేదు. అన్నలు కావాలి. చెక్క తట్ట చంకన పెట్టుకొని బయలుదేరాడు.

లోతున ఉన్నదాన్ని చీమలే పైకి తెస్తాయని ఆ వృత్తివారికి తెలుసు. అందుకని దారిలో కనబడిన ప్రతి పుట్ట నుంచీ చిటికెడు మట్టి తీసి కడిగాడు. తీసినచోట పూడ్చి, గుప్పెడు నూకలు చల్లాడు. అలా ఏడు కొండలు నడిచాడు. ఏడో కొండ దగ్గర తట్ట అడుగున పసుపు మెరిసింది. అక్కడే అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు.

"ఇది కాలదంష్ట్రుడనే మాంత్రికుడి పని," అన్నది అక్కడి పుట్టలోంచి వచ్చిన రాణిచీమ. "మా పుట్ట పూడ్చినవాడివి నువ్వొక్కడివే గనుక చెబుతున్నాను. వాడి ప్రాణం ఈ కొండ గుహలోని పంజరం చిలకలో ఉంది. పంజరం పుల్లలు మేము కొరుకుతాం. నువ్వు చెయ్యి చాపు, చాలు."

చిలక చేతికి చిక్కగానే మాంత్రికుడు రొప్పుతూ వచ్చాడు. "అబ్బాయీ, నీ అన్నలను తీసుకుపో. నన్ను మాత్రం బతకనీ. ఈ కొండకు నా భయమే తలుపు. నేను పోతే మీవాళ్ళే వచ్చి దీని కింద పడి చస్తారు."

"మావాళ్ళను రాళ్ళు చేసినవాడికి మా చావు మీద ఎంత బెంగ, తాతా!" అని బయ్యన్న చిలక మెడ విరిచాడు.

మాంత్రికుడు కూలాడు, అన్నలు లేచారు. ముగ్గురూ ఇల్లు చేరారు. కొత్తచోట తొలి రేణువు దొరికితే ఊరంతా బెల్లం పంచడం వారి ఆచారం. బయ్యన్న పంచాడు. బెల్లం అందుకొన్న ప్రతివాడూ "ఎక్కడ?" అన్నాడు. బెల్లం పెట్టిన చేత్తో అబద్ధం ఆడకూడదు. చెప్పాడు.

తెల్లవారేసరికి సాలెవాడు మగ్గం విడిచాడు, కుమ్మరి సారె విడిచాడు, రైతు అరక విడిచాడు. రాజు మాట తప్పలేదు, పెళ్ళి చేశాడు. పందిట్లో అన్నలు లేరు. కొండ దగ్గర ఉన్నారు.

బయ్యన్న పెళ్ళిబట్టలతోనే పరుగెత్తాడు. "అన్నా, బయటికి రండి! పైన బరువు, కింద బోలు."

"రాజుగారి అల్లుడివి, నీకు చాలుతుందిరా!" అని పెద్దవాడు నవ్వాడు.

"ఇంకొక్క తట్ట, తమ్ముడూ," అన్నాడు నడిపివాడు.

ఆ తట్ట నిండకముందే కొండ కుంగి కూర్చుంది.

"తవ్వండి! మావాళ్ళు లోపల ఉన్నారు!" అని బయ్యన్న అరిచాడు. వేయి గునపాలు లేచాయి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పిల్లలారా. మొదటి రోజు తిండి మాని తవ్వారు. రెండో రోజు ఏడుస్తూ తవ్వారు. మూడో రోజు ఒక గునపం కింద పచ్చని బంగారు చార మెరిసింది. ఒకటొకటిగా గునపాలన్నీ అటు తిరిగాయి.

లోపల రాయి మీద రాయి కొడుతున్న చప్పుడు బయ్యన్నకు వినబడింది. "వినండి!" అన్నాడు. ఎవరూ వినలేదు. ఒక్కడే గోళ్ళతో తవ్వాడు. సాయంత్రానికి చప్పుడు ఆగింది.

తరువాత బయ్యన్న రాజయ్యాడు. రాకుమారితో చాలాకాలం రాజ్యమేలాడు. బిడ్డలు కలిగారు. బంగారానికి కొదవ లేకపోయింది. దేశానికి బంగారం చూపిన పుణ్యాత్ముడని భట్టులు నిండు సభలో పాడేవారు. పాట మధ్యలో ఆయన చెయ్యెత్తేవాడట. సభ అంతా మాట మానేదాకా ఆగి, సింహాసనం దిగి, నేలకు చెవి ఆనించేవాడట.