కెమెరా లేని డబ్బా

కొర్లయ్య గురువును ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పడం అరుదు. లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎటో నడిచేవాడు. ముప్పై ఏళ్ళపాటు రేవులో ఓడల అడుగున ఈదుతూ, వాటికి పట్టిన గుల్లలు గీకి బతికిన మనిషి ఆయన. వయసు మళ్ళాక దిబ్బరేవు ఒడ్డున ఒక రేకుల షెడ్డు వేసుకుని, వీపుకు సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగడం నేర్పుతూ ఉండేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో లోవరత్నం ఒక్కతే ఆడమనిషి. ఆ ఊరి పిల్లే. పట్నంలో పర్యాటకులను చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దించి, నాలుగు చేపలు చూపించి పైకి తెచ్చే ఉద్యోగం చేసేది.

ఒక ఆదివారం పొద్దున ఆమె చెప్పులు కూడా విడవకుండా షెడ్డులోకి వచ్చింది.

"గురువుగారూ, నాలాంటిది కొనగలిగే కెమెరాల్లో నీళ్ళ కింద వీడియో తీయడానికి ఏది మంచిది? లోపలికి నీళ్ళు చొరకుండా దానికి ఏ డబ్బా వెయ్యాలి? ఇయ్యాలే చెప్పండి. రేపటికల్లా కొనేస్తాను."

ఆ అడగడంలో కెమెరా మీద మోజు లేదు. ఒళ్ళంతా మంట ఉంది.

జరిగింది ఇది. చేపలు గూడు కట్టుకుని పెరగడానికని దిబ్బరేవు ఎదురుగా సముద్రం అడుగున నూట ఎనభై కాంక్రీటు దిమ్మలు దింపినట్టు ఒక కాంట్రాక్టరు కాగితాలు పెట్టాడు. చేప నిలదొక్కుకునేదాకా ఆ చుట్టుపక్కల వలలు వెయ్యకూడదన్నారు. ఊరు సరేనని రెండేళ్ళు ఆ మేర వదిలేసి వేటకు దూరం పోయింది. అలా దూరం పోయిన పడవల్లో ఒకటి గాలికి తిరగబడి లోవరత్నం చిన్నాన్న కాలు విరిగింది. ఇప్పటికీ ఆయన కర్ర లేకుండా నడవలేడు. రెండేళ్ళు గడిచినా చేప మాత్రం రాలేదు. అనుమానం వచ్చి లోవరత్నం తనే దిగి చూసింది. పద్దెనిమిది మీటర్ల లోతున, ఒక పక్కగా, ఇరవై మూడు దిమ్మలు ఉన్నాయి. మిగతాదంతా ఇసుక.

శనివారం మత్స్యశాఖ అధికారి పెట్టిన సభలో ఆమె లేచి ఆ మాటే చెప్పింది. కాంట్రాక్టరు నవ్వాడు.

"నీళ్ళ కింద ఏం కనబడుతుందమ్మా? ఇరవై మూడే కనబడ్డాయంటే నీ చూపు అంతవరకే ఆనింది."

అధికారి కాగితాల్లోంచి తల ఎత్తకుండా "ఆధారం ఉందా?" అన్నాడు.

"కళ్ళారా చూశానండి."

"అది ఆధారం కాదు."

సభలో కొందరు నవ్వారు. వాళ్ళలో ఆమె ఊరివాళ్ళూ ఉన్నారు. రాత్రంతా ఆమెకు కంటిమీద కునుకు లేదు.

కొర్లయ్య అంతా విని, అలవాటు ప్రకారం కండువా దులిపి లేచాడు. ఇద్దరూ బస్సెక్కి పట్నం పోయి, కెమెరాలు అమ్మే దుకాణంలోకి వెళ్ళారు. ముందు గాజు పెట్టెలో పెద్ద కెమెరాలు మెరుస్తున్నాయి. లోవరత్నం చూపు వాటి మీదే నిలిచిపోయింది. అలాంటిది చేతిలో ఉంటే అధికారి తల ఎత్తి చూసేవాడు కదా అనిపించింది. ఉన్నవాడు చూసింది నిజం, లేనివాడు చూసింది కట్టుకథ అన్నమాట.

దుకాణదారు ఆమె చెప్పుల వైపు చూసి ఒక చిన్న కెమెరా తీశాడు. "దీనికి డబ్బా కూడా అక్కర్లేదు. పది మీటర్ల లోతు దాకా నీళ్ళకు అదే తట్టుకుంటుంది."

"మాకు పద్దెనిమిది కావాలి బాబూ," అన్నాడు కొర్లయ్య.

అతను ఇంకో డబ్బా తెచ్చాడు. నిగనిగలాడుతోంది. దాని మీద అరవై మీటర్లని బంగారు అక్షరాలతో అచ్చు వేసి ఉంది. ఏ కెమెరా అయినా ఇందులో పడుతుందన్నాడు.

"అయితే మీ ఫోను ఇందులో పెట్టండి. బకెట్లో నీళ్ళు తెప్పించండి. కాసేపు ముంచి చూద్దాం," అన్నాడు కొర్లయ్య.

దుకాణదారు మొహం మారిపోయింది. "కొనే మొహాలైతే కొనండి, లేకపోతే దారి ఇవ్వండి."

లోవరత్నం ఏదో అనబోయింది. గురువు అప్పటికే మెట్లు దిగుతున్నాడు. రెండు సందుల అవతల పాత కెమెరాలు బాగుచేసే మనిషి దగ్గర దళసరి ప్లాస్టిక్ డబ్బా ఒకటి దొరికింది. గీతలు పడి ఉంది. కొక్కేలు గట్టివి. కొర్లయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచున ఉన్న రబ్బరు రింగును వేలితో సాగదీసి చూసి, రింగు మాత్రం కొత్తది వేయించాడు. ఆ డబ్బా ఏ కెమెరా కోసం చేశారో ఆ కెమెరానే, పాతది, అక్కడే వెతికించి తీసుకున్నాడు. ఇంత సేపట్లో ఆయన కెమెరా గురించి అడిగింది ఒక్కటే, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందని.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. పడవ దిమ్మల చోటికి చేరాక ఆమె కెమెరా తీయబోతే గురువు దాన్ని అందుకుని తన సంచిలో వేసుకున్నాడు. డబ్బాలో మడతపెట్టిన పలచని తెల్ల కాగితం ఒకటి పెట్టమన్నాడు.

"ఖాళీ డబ్బా పట్టుకుని దిగమంటారా?"

"దిగుదాం."

"గురువుగారూ, నీళ్ళు ఇయ్యాల అద్దంలా ఉన్నాయి. రేపు ఇలా ఉంటాయో లేదో. వాడు ఈలోగా రెండు పడవల దిమ్మలు తెచ్చి పడేస్తే నా మాట ఏటవుతుంది?"

ఆయన సిలిండరు పట్టీలు బిగించుకున్నాడు. ఆమె విసురుగా డబ్బా మూసి, కొక్కేలు టపటపా నొక్కింది.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి ఆమె పక్కనే దిగాడు. అడుగున ఇరవై మూడు దిమ్మలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎంత దూరం చూసినా ఇసుక, ఇసుక మీద అల ఆడిన గీతలు. ఒక్క వీడియో చాలు, ఒక్కటి. అంతా కళ్ళ ముందు ఉంది, చేతిలో ఉన్నది చూడలేని డబ్బా. ముఖానికి పెట్టుకున్న అద్దం వెనక ఆమెకు కోపంతో కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకునే వీలు కూడా లేదు.

పైకి వచ్చి డబ్బా తెరిస్తే కాగితం నానిపోయి ముద్దగా ఉంది.

లోవరత్నం అరిచింది. "మోసం! వాడూ మోసగాడే. పాత డబ్బా మనకు అంటగట్టాడు. బీదోళ్ళంటే అందరికీ లోకువే. పదండి, ఇప్పుడే పోయి ఈ డబ్బా వాడి మొహాన కొడతాను."

కొర్లయ్య డబ్బా అంచును ఎండకు తిప్పి ఆమె ముందు పెట్టాడు. రబ్బరు రింగు మీద అడ్డంగా ఒక వెంట్రుక అతుక్కుని ఉంది. పొడుగాటిది. అది ఆమెదే.

లోవరత్నం ఆ వెంట్రుకను ఊడదీసి నీళ్ళలోకి విసిరింది.

"మూసేటప్పుడే మీరు చూశారు కదా," అంది. గొంతులో ఇంకా కోపం ఉంది, కానీ అది ఎవరి మీదో ఆమెకే తేలలేదు. "ఒక్క మాట చెప్పొచ్చు కదా గురువుగారూ."

"చెబితే వినే మొహమేనా అది?"

ఆ వారమంతా ఆమె ఉద్యోగానికి పోయే ముందు రోజూ తెల్లవారగానే డబ్బాలో కాగితం పెట్టుకుని దిగింది. మొదట జుట్టు బిగించి గుడ్డ కట్టుకునేది. తర్వాత రింగును మెత్తని గుడ్డతో తుడిచి, వేలికొసతో చుట్టూ తడిమి, ఇసుక రేణువు కూడా లేదని నమ్మకం కుదిరాకే మూసేది. కోపం తగ్గలేదు. చిన్నాన్న కర్ర చప్పుడు వినబడినప్పుడల్లా మళ్ళీ రాజుకునేది. అయినా ఆ డబ్బా ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆమె చేతులు నెమ్మదిగా కదిలేవి. వరసగా ఆరు రోజులు కాగితం పొడిగా వచ్చింది. ఏడో రోజు ఆమె అడక్కుండానే గురువు సంచిలోంచి కెమెరా తీసి ఇచ్చాడు.

వీడియో ఎలా తీయాలో ఆమె తనే ఆలోచించుకుంది. ముందు పడవ నంబరు, తర్వాత ఒడ్డున దీపస్తంభం, ఫోనులో మ్యాపు మీద ఆ చోటు గుర్తు, ఆపైన తాడు పట్టుకుని కిందికి. ఎక్కడా ఆపకుండా ఒకే వరసలో ఇరవై మూడు దిమ్మలూ, వాటి చుట్టూ నాలుగు పక్కలా ఇసుకా తీసింది. ఇసుక కప్పేసిందని అనకుండా ఇనుప చువ్వ దించి అక్కడక్కడా గుచ్చి చూపించింది. బొమ్మ నీలంగా, కాస్త మసకగా ఉంది. లెక్క మాత్రం తప్పడానికి వీల్లేదు.

రెండో సభలో కాంట్రాక్టరు ఆ బొమ్మ చూసి, "ఇది ఎక్కడో తీసుకొచ్చారు. అయినా ఇదేం కెమెరా, చేపల పులుసులో ముంచి తీసినట్టుంది," అన్నాడు.

నవ్వబోయినవాళ్ళు ఆమె వైపు చూసి ఆగిపోయారు. లోవరత్నం లేచి నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పడవ నంబరు ఉంది, దీపస్తంభం ఉంది, మధ్యలో ఎక్కడా తెగలేదు. ఇంకా నమ్మకం లేకపోతే మీరే రండి. సిలిండరు నేను కడతాను, చెయ్యి పట్టుకుని దించుతాను. అది నా ఉద్యోగం. నూట ఎనభై మీరు లెక్కపెట్టండి, నేను పక్కన నిలబడతాను."

అతను రానన్నాడు. ఈసారి అధికారి తల ఎత్తాడు. పది రోజుల తర్వాత వేరే ఊరి నుంచి వచ్చిన ఈతగాళ్ళు దిగి, ఇరవై మూడేనని రాసిచ్చారు. కాంట్రాక్టరుకు రాబోయే పనులు ఆపేశారు. దిబ్బరేవు పడవలు మళ్ళీ దగ్గరలోనే వలలు వేసుకున్నాయి. అంతే. తప్పు జరిగిందని ఎవరూ ఒప్పుకోలేదు. చిన్నాన్న గుమ్మంలోకి వచ్చి ఒక్కడూ పలకరించలేదు.

ఒక సాయంత్రం లోవరత్నం షెడ్డు ముందు ఇసుకలో కూర్చుంది. పిడికిట్లో పట్టిన ఇసుకను పిండుతూనే ఉంది.

"అందరూ గెలిచావు అంటున్నారు గురువుగారూ. నాకు ఇంకా మండుతూనే ఉంది."

కొర్లయ్య ఆరేసిన పట్టీలు ఒక్కొక్కటే దులిపి మేకుకు తగిలించాడు.

"మండనీ అమ్మా. ఆర్పమని నేనెప్పుడన్నాను?"