పైడి పిలుపు

వానల్లేని ఏడు అది. ఎర్రకొండ మీద గడ్డిగింజ కూడా మిగల్లేదు. ఆ కొండ మీద కౌజుపిట్టలు కాపురముండేవి. వాటిలో నాగులు అనే పిట్ట మొగుణ్ణి డేగ ఎత్తుకుపోయింది. పైడి, చిట్టి అని ఇద్దరాడపిల్లలు. చీమల కోసం రాళ్లు తిరగేసుకుంటూ ముగ్గురూ రోజులు నెట్టుకొస్తున్నారు.

సరిగ్గా అప్పుడే నక్క కొండెక్కాడు. కడుపు నిండిన ఇంటికి వాడెప్పుడైనా వచ్చాడా? అందరూ వాణ్ణి మేస్త్రి అనేవాళ్లు. కింద జొన్న కళ్లాల్లో పని ఉందనీ, పైడిని పంపితే తను తినగా చెల్లికి కూడా దాస్తుందనీ చెప్పాడు. నీ పిల్ల నాకు మేనకోడలు కాదా అక్కా, అన్నాడు కూడా. పాడు నోరు, వరసలు మాత్రం ఎంత బాగా కలుపుతుందో.

నాగులు ముందు ఆ చోటు చూసొస్తానంది. అంత దూరం నీకెందుకు, రోజూ పొద్దున్నే పైడి పిలుస్తుంది, విను చాలు అన్నాడు నక్క. ఆ మాటకి నాగులు మెత్తబడింది. భయమేసిన కౌజు కిక్కురుమనదు. కడుపు నిండి, నిశ్చింతగా ఉంటేనే గొంతెత్తుతుంది. కాబట్టి పిలుపు వినబడితే అవతల క్షేమమేనని కౌజుల నమ్మకం. ఆ సంగతి నక్కకి బాగా తెలుసు.

పైడి వెళ్లింది. మర్నాడు పొద్దున లోయలోంచి పిలుపు వినిపించింది. నాగులు సంతోషంతో ఏడ్చేసింది, ఎదురైన తల్లికల్లా చెప్పుకుంది. అది విని చుట్టుపక్కల తల్లులు కూడా తమ పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిగా మేస్త్రి వెంట పంపారు.

వెళ్లినవాళ్లలో పైడి గొంతే తప్ప ఇంకొకరిది వినబడదేం, అని ముసలి ఉడుము అడిగింది. నా పిల్ల సుఖపడుతుంటే కళ్లలో నిప్పులు పోసుకుంటున్నావా అని నాగులు దాన్ని కసిరింది.

ఆకలి ఇంకా ముదిరింది. చివరికి చిట్టిని తీసుకుని నాగులే బయల్దేరింది. నక్క దారి చూపించాడు. తంగేడు పొదల దగ్గర ఆగి, ఇక పైడి పిలుపు పట్టుకుని ముందుకు పొమ్మన్నాడు.

పొదల అవతల పైడి వెదురు బుట్టలో ఉంది. బుట్ట చుట్టూ ఉచ్చులు, వెనక వేటగాడు. పిలిస్తే జొన్నలు, పిలవకపోతే పస్తు. ఆకలికి తాళలేక పైడి ఇన్నాళ్లూ పిలిచింది. పిలిచినప్పుడల్లా కొండ మీది పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చి ఉచ్చులో పడేది. దాని మెడ విరిచి, కాళ్లూ పేగులూ వేటగాడు నక్క వాటాకి పడేసేవాడు.

ఆ పొద్దున పైడి పిలుపుకి బదులొచ్చింది. అమ్మ గొంతు, దాని వెనకే చిట్టి గొంతు. పైడి నోరు మూసుకుంది. వేటగాడు జొన్నలు చూపించాడు, పుల్లతో పొడిచాడు. అయినా నోరు తెరవలేదు.

నాగులు ఉన్నచోటే ఆగిపోయింది.

"అలిసిపోయుంటుంది, పద అక్కా," అన్నాడు నక్క.

"నా పిల్ల భయంలో ఉంది. అందుకే పిలవట్లేదు."

"ఇన్నాళ్లూ పిలిచిందిగా?"

"ఇన్నాళ్లూ ఎవరు పిలిపించారు తమ్ముడూ?"

నక్క ఎగిరి దూకాడు. వాడి నోటికి నాగులు తోక ఈకలే దక్కాయి. తల్లీపిల్లా కొండెక్కేశారు. చేతికొచ్చిన వేట పాడైందని వేటగాడు నక్క నడుం మీద కర్ర విసిరాడు. వాడు కుంటుకుంటూ పారిపోయాడు. ఇప్పుడు అవతలి కొండ మీద ఎవరికో వరస కలుపుతున్నాడట.

పిలవని పిట్టని ఎవడు మేపుతాడు? మర్నాడు నాగులు పొద్దెక్కేదాకా చెవి ఒగ్గి కూర్చుంది. లోయలో ఏ చప్పుడూ లేదు. ఇంటి నుంచి వెళ్లాక పైడి పంపిన నిజమైన కబురు ఆ మౌనం ఒక్కటే. తర్వాత నాగులు లేచి, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులందరి దగ్గరికీ వెళ్లింది. మీ పిల్లల్ని పిలిచింది నా కూతురి గొంతే, పంపమని ఆశ పెట్టింది నా నోరే అని చెప్పుకుంది. అందరూ కలిసి ఏడ్చారు.

దూరం పోయిన బిడ్డ గొంతు వినబడిందని సంబరపడకండి, ఆ గొంతు మీద ఎవరి చెయ్యి ఉందో వెళ్లి చూసి రండి.